చలాన్లు పెంచితే రోడ్డు ప్రమాదాలు తగ్గుతాయా?

బండిబాబు: 2019 సెప్టెంబర్ 1న మోటారు వాహనాల చట్టం మారింది. హెల్మెట్ లేకపోతే 100 ఉన్న ఫైన్ 1000 అయింది. తాగి నడిపితే 2000 కాస్తా 10,000. దేశంలో 2018లో రోడ్ల మీద పోయినవాళ్లు లక్షా 51 వేలు, 2022లో లక్షా 68 వేలు. ఇంకా పనిచేసిందంటారా?

నాలుగోగేరు: అమలు చేస్తే కదా పనిచేసేది! గుజరాత్ ఆ నెలలోనే హెల్మెట్ ఫైన్ 500కి దించేసింది. బళ్లు కూడా ఏటా పెరుగుతున్నాయి, అది లెక్కలోకి రాదా?

బండిబాబు: అమలు గురించి నాకు చెప్పకండి. పోయిన నెల చలాన్ వచ్చింది. ఫోటోలో హెల్మెట్ నెత్తి మీదే ఉంది, స్ట్రాప్ పెట్టుకోలేదట. అదే ఫోటోలో నా ముందు చక్రం పక్కనే మోకాలు లోతు గుంత. అది మాత్రం ఎవరికీ కనపడలేదు.

చిన్నిచక్రం: మోకాలు లోతా? ఫోటో పెట్టండి చూద్దాం 😀

నాలుగోగేరు: స్ట్రాప్ లేకపోతే పడగానే ముందు హెల్మెట్ ఎగిరిపోతుంది, తర్వాత తల నేలకి తగులుతుంది. సెక్షన్ 129లో గట్టిగా కట్టుకోవాలనే ఉంది.

బండిబాబు: మళ్లీ స్ట్రాపేనా! నేను గుంత గురించి మాట్లాడుతున్నా సార్.

పాతలైసెన్స్: చూసుకుని నడపాలి మరి.

బండిబాబు: రాత్రి, వాన, గుంత నిండా నీళ్లు. మీరైతే వాసన పట్టి తప్పుకునేవారేమో. అదే చట్టంలో సెక్షన్ 198ఎ చదవండి. రోడ్డు ప్రమాణాల ప్రకారం వేయక మనిషి చచ్చిపోతే వేసినవాళ్లకి ఫైన్ ఎంత? మహా అయితే లక్ష. అదైనా ఎవరికైనా వేశారా, ఒక్కటి చూపించండి. నా స్ట్రాప్‌కి మాత్రం గంటలో మెసేజ్ వచ్చింది.

నాలుగోగేరు: గుంత, గుంత, గుంత! మా తమ్ముడు హెల్మెట్ ట్యాంకు మీద పెట్టుకుని తిరిగేవాడు. పోలీసు కనపడితేనే తలకి. "వందే కదక్కా" అనేవాడు. 2017లో పోయాడు. కొత్తగా వేసిన రోడ్డు అది, ఒక్క గుంత లేదు. అప్పుడు వెయ్యి ఉంటే పెట్టుకునేవాడేమో అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

బండిబాబు: సార్ అనేశాను, క్షమించండి మేడమ్. ఫైన్ వద్దని కాదు నా గొడవ. నన్ను పట్టుకున్న కెమెరా, రోడ్డు వేసిన కాంట్రాక్టర్‌ని కూడా పట్టుకోవాలి కదా అని.

నాలుగోగేరు: పట్టుకోమనండి, నేనూ అడుగుతా. వాళ్లని పట్టుకునేదాకా నేను స్ట్రాప్ పెట్టను అంటే మాత్రం ఒప్పుకోను.

బండిబాబు: పెట్టనని ఎప్పుడన్నాను?

నాలుగోగేరు: ఫోటోలో లేదుగా.