ఆర్1 క్రాస్‌ప్లేన్ ‘ఫీల్’ నిజంగా ఉందా, చెవులు చేసే మాయా?

మలుపుపిచ్చి:
మొన్న ట్రాక్ డేలో ఒకే రోజు మూడు బళ్లు తోలాను. నా యమహా ఆర్1 (2015 మోడల్, క్రాస్‌ప్లేన్ ఇంజిన్, అంటే పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ అమరిక మామూలుది కాదు), ఫ్రెండ్‌ది బీఎమ్‌డబ్ల్యూ ఎస్1000ఆర్ఆర్ (2019), బతిమాలి రెండు రౌండ్లకి తీసుకున్న డుకాటీ పనిగాలే వీ4 (నాలుగు సిలిండర్లు V ఆకారంలో ఉంటాయి). స్ట్రెయిట్‌లో నాది మూడో స్థానమే, ఒప్పుకుంటాను. బీఎమ్‌లో 9,000 ఆర్‌పీఎమ్ దగ్గర షిఫ్ట్‌క్యామ్ (వాల్వులు తెరుచుకునే తీరు మార్చే ఏర్పాటు) మారినట్టే తెలియదు, ఆ పైన మాత్రం ఊపిరి ఆడనివ్వదు.
కానీ మలుపులోంచి బయటికొస్తూ, బండి ఇంకా వాలి ఉండగానే థ్రాటిల్ కొద్దికొద్దిగా తెరుస్తాం చూడండి, అప్పుడు వెనక టైర్ ఏం చేస్తోందో ఆర్1 చెప్పినంత బాగా మిగతా రెండూ చెప్పలేదు. మా వాడేమో “అది సౌండ్ రా, నీ చెవులకి పట్టిన పిచ్చి” అంటాడు. మీరేమంటారు?

నాలుగోపిస్టన్:
మీ వాడిదే రైట్. ఆర్1లో ఫైరింగ్ (సిలిండర్లలో పెట్రోల్ మండటం) 270-180-90-180 డిగ్రీల గ్యాప్‌తో జరుగుతుంది, అందుకే వీ4 లాంటి గురక. ఆ గురక వినగానే గ్రిప్ ఉన్నట్టు అనిపిస్తుంది. పైగా 2015 నుంచి ఆర్1లో సిక్స్ యాక్సిస్ ఐఎమ్‌యూ (బండి వాలు, కదలిక కొలిచే సెన్సర్) ఉంది. టైర్ జారుతుంటే ముందు పసిగట్టేది అది, మీరు కాదు.
ఇంకో మాట. కవాసాకీ జడ్ఎక్స్-10ఆర్ కూడా మీ వాడి బీఎమ్ లాగే మామూలు ఇన్‌లైన్ ఫోరే (నాలుగు సిలిండర్లూ ఒకే వరసలో). దాని మీద జొనాథన్ రియా 2015 నుంచి 2020 దాకా వరసగా ఆరు వరల్డ్ సూపర్‌బైక్ టైటిళ్లు కొట్టాడు. వెనక టైర్ ఆయనకేమీ చెప్పలేదంటారా?

క్రాంక్‌తాత:
తమ్ముడూ, రియా చేతిలో ఏ బండి పెట్టినా మాట్లాడుతుంది, ఆయన్ని వదిలెయ్. సౌండ్ సంగతీ కాసేపు పక్కన పెట్టు.
మామూలు ఇన్‌లైన్ ఫోర్‌లో నాలుగు పిస్టన్లూ ఒకేసారి ఆగుతాయి, రెండు పైన, రెండు కింద. మళ్లీ ఒకేసారి పరుగందుకుంటాయి. పరుగందుకోవడానికి క్రాంక్ దగ్గర శక్తి లాక్కుంటాయి, ఆగేటప్పుడు తిరిగి ఇచ్చేస్తాయి. క్రాంక్ ఒక్క చుట్టు తిరిగేలోపు ఈ అప్పు తీసుకోవడం, తీర్చడం రెండుసార్లు జరుగుతుంది. అంటే చెయిన్ మీదికి వచ్చే టార్క్‌లో నువ్వు థ్రాటిల్‌తో అడిగింది కొంత, ఈ కుదుపు కొంత. క్రాస్‌ప్లేన్‌లో క్రాంక్ మీద పిస్టన్లు తగిలించే పిన్నులు 90 డిగ్రీల తేడాతో ఉంటాయి. రెండు పిస్టన్లు ఆగిన క్షణంలో మిగతా రెండూ మంచి స్పీడ్‌లో ఉంటాయి, లెక్క దాదాపు అక్కడికక్కడే చెల్లిపోతుంది.
ఇప్పుడు మలుపుపిచ్చి చెప్పిన చోటు చూడు. థ్రాటిల్ కొద్దిగానే తెరిచాడు, కాబట్టి అడిగిన టార్క్ తక్కువ. ఆర్‌పీఎమ్ ఎక్కువ, కాబట్టి కుదుపు మాత్రం అంతే ఉంటుంది. మామూలు ఇంజిన్‌లో ఆ కుదుపు కింద టైర్ కబురు మునిగిపోతుంది.
ఇదేం ఊరికే రాలేదు. ఈ అమరికలో ఇంజిన్ ఆ చివరా ఈ చివరా ఊగులాడుతుంది, దాన్ని అణచడానికి బ్యాలెన్సర్ షాఫ్ట్ పెట్టాలి. అయినా యమహా 2004లో మోటోజీపీ రేసు బండి ఎమ్1కీ, 2009లో ఆర్1కీ ఇదే ఎంచుకుంది. సౌండ్ కోసం ఎవరైనా రేసు బండికి అదనపు బరువు తగిలిస్తారా?

నాలుగోపిస్టన్:
సరే తాతగారూ, ఆ కుదుపు ఆర్‌పీఎమ్ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి పెరుగుతుంది కదా? 12,000 దగ్గర ఉన్నదానిలో 4,000 దగ్గర ఉండేది తొమ్మిదో వంతే. రోడ్డు మీద 4,000లో తోలుతూ ‘క్రాస్‌ప్లేన్ ఫీల్, ఆహా’ అనేవాళ్ల మాటేంటి?

క్రాంక్‌తాత:
వాళ్లు వింటున్నది సౌండే. అందులో నీకూ నాకూ గొడవ లేదు.

ఎర్రబండి:
మీరంతా వెనక టైర్ దగ్గరే ఆగిపోయారు. వీ4ని ఎడమ నుంచి కుడికి పడేసి చూడండి. 1,103 సీసీ ఇంజిన్ కింద ఉన్నట్టే అనిపించదు. దాని క్రాంక్ చక్రాలకి ఎదురు దిశలో తిరుగుతుంది, చక్రాల గైరో పట్టుని (తిరిగే చక్రం వాలడానికి మొరాయించడం) కొంత చెరిపేస్తుంది. గట్టిగా థ్రాటిల్ ఇచ్చినప్పుడు ముందు చక్రం లేవకుండానూ కాస్త ఆపుతుంది. ఎమ్1 క్రాంక్ కూడా ఎదురే తిరుగుతుంది, ఆ ముక్క మాత్రం ఆర్1కి దక్కలేదు.
వేడి సంగతి మీరు ఎత్తకముందే నేనే చెప్తా. వెనక సిలిండర్లు సీటుకి దగ్గరగా ఉంటాయి. అందుకే బండి ఆగినప్పుడు ఆ రెండింటినీ ఆపేసే ఏర్పాటు డుకాటీయే పెట్టింది.

గాలిమీటర్:
ఒక చిన్న డౌట్. మూడు బళ్ల మీదా టైర్లు ఒకటేనా? ప్రెజర్ ఎంత?

మలుపుపిచ్చి:
…కాదు. నాది ట్రాక్ టైర్, వేడెక్కాక చూసి గాలి దించుకున్నా. బీఎమ్ రోడ్డు టైర్లతో, ముందు 36, వెనక 42 పీఎస్‌ఐతో అలాగే వచ్చింది. నా సస్పెన్షన్ నా బరువుకి సెట్ చేసుంది, వాడు నాకన్నా ఇరవై కిలోలు ఎక్కువ. డుకాటీది అడగనే లేదు.

నాలుగోపిస్టన్:
దీనికా ఇంతసేపు కొట్టుకున్నాం!

క్రాంక్‌తాత:
నా లెక్క మారదు. కానీ నాయనా, నువ్వు చెప్పిన తేడాలో ఎక్కువ వాటా ఆ 42దే అయ్యుంటుంది. రోడ్డు టైర్‌ని అంత గాలితో ట్రాక్ మీద వేడెక్కిస్తే ఏ ఇంజిన్ ఉన్నా కబురు సరిగ్గా రాదు.

మలుపుపిచ్చి:
వచ్చేసారి వాడి బండికీ నా టైర్లే వేయిస్తున్నా, సస్పెన్షన్ కూడా నా బరువుకే. చెవుల్లో ఇయర్‌ప్లగ్స్. ఒక పొడవాటి ఎడమ మలుపు ఉంది, అందులో 10,000 పైన సగం థ్రాటిల్‌లోనే ఉంటాం. అక్కడ మాత్రమే పోల్చి వచ్చి రాస్తా.

నాలుగోపిస్టన్:
ఏ బండి ముందు తోలాలో బొమ్మా బొరుసూ వేసుకో. అలిసిపోయాక ఎక్కిన బండి ఎప్పుడూ ఓడిపోతుంది.