అప్‌డేట్: మా ఇద్దరికీ వచ్చిన పొక్కులు ఏంటో తెలిసింది

మొదట మా ఆయనకు పొత్తికడుపు మీద, తర్వాత నాకు తొడల మీద దురద లేని పొక్కులు లేచాయని, ఏంటవని అడిగాను కదా. సూర్యారావుపేటలో చర్మం డాక్టర్ దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్లాం. ఆవిడ లైటున్న భూతద్దంతో చూసి మాకూ చూపించారు. ముత్యంలా నున్నగా ఉన్న ఒక్కో పొక్కు నడుమ చిన్న గుంట ఉంది. దాంతోనే గుర్తుపట్టేశారు.

ములస్కం కంటాజియోసం అట. పాక్స్ జాతి వైరస్. ఒంటికి ఒళ్లు తగిలినా, ఒకే తువ్వాలు, రేజర్ వాడినా అంటుకుంటుంది. మామూలుగా 6 నుంచి 12 నెలల్లో దానంతటదే పోతుంది, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. మందుల షాపులో ఇచ్చిన స్టెరాయిడ్ క్రీము ఆపేయమన్నారు. గిల్లినా, అక్కడ షేవింగ్ చేసినా పక్కకు పాకుతుంది.

పెద్దవాళ్లకు ఈ చోట్ల వస్తే హెచ్‌ఐవీ లాంటి టెస్టులు కూడా చేయించుకోవడం మంచిదన్నారు. రిపోర్టులు వచ్చేదాకా ఆ టెన్షన్ మామూలుగా లేదు. ఏమీ లేదని వచ్చింది.

ఆయనవి కొన్ని గీకి తీశారు, నావి ద్రవ నైట్రోజన్‌తో మాడ్చారు. చురుక్కుమంది గానీ ఓర్చుకోవచ్చు. ఎవరి వల్ల ఎవరికి వచ్చిందని దయచేసి ఇంట్లో గొడవ పడకండి, ఇది చిన్నపిల్లలకూ వచ్చేదే. వచ్చే నెల మళ్లీ చూపించుకోవాలి.