ట్రాన్స్‌ఫార్మర్ లేని సర్క్యూట్‌కు మనం మరమ్మతు చెప్పాలా?

రాగితీగ:
మొన్న ఒకరు ఇక్కడ నీళ్ల ట్యాంకు నిండగానే బెల్లు మోగించే సర్క్యూట్ పటం పెట్టారు. ట్యాంకులో రెండు తీగలు, ఒక 555 ఐసీ (చిన్న చిప్పు), ఒక 12 వోల్టుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు). కరెంటు మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా ప్లగ్గు నుంచి తీసుకున్నారు: కరెంటును తగ్గించడానికి 0.47 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఒకే దిశలో పంపడానికి ఒక డయోడు, వోల్టేజి హద్దు దాటకుండా ఒక జీనర్, అంతే. రిలే నిలకడగా పట్టుకోకుండా టకటక కొట్టుకుంటోందని ఆయన బాధ. గంట తిరక్కుండానే ముగ్గురు జవాబిచ్చారు: కెపాసిటర్‌ను ఒక మైక్రోఫారడ్‌కు పెంచండి, ఒక్క డయోడుకు బదులు బ్రిడ్జి (నాలుగు డయోడ్ల జట్టు) పెట్టండి.

లెక్క ప్రకారం జవాబు సరైనదే. నా భయమంతా అందుకే. ఇప్పుడు ఆ సర్క్యూట్ చక్కగా పనిచేస్తుంది, ఆయన దాన్ని తీసుకెళ్లి ట్యాంకుకు బిగిస్తారు. ఆ తీగలు నీళ్లలో ఉంటాయన్న సంగతి ముగ్గురిలో ఒక్కరూ ఎత్తలేదు. కరెంటు వచ్చే దారి మార్చేవరకు ఇలాంటివాటికి ఒక్క రెసిస్టర్ విలువ కూడా చెప్పకూడదని నేనంటాను. మీరేమంటారు?

ఓమ్‌కారం:
ఆ ముగ్గురిలో నేనొకణ్ని కాబట్టి జవాబు చెప్పాలి. దోమల బ్యాట్లలో ఉండేది చాలావరకు ఈ సర్క్యూటే. రాత్రి వెలిగించే అర వాటు ఎల్ఈడీ బల్బులోనూ ఇదే. మనం చెప్పకపోతే అడిగినవారు ఊరుకుంటారా? ఏదో వీడియో చూసి చేస్తారు. అందులో ఎక్స్2 కెపాసిటర్ (నేరుగా ప్లగ్గు కరెంటు మీద వాడేందుకే చేసే రకం) వాడమని గానీ, దాని మీద ఒక మెగా ఓమ్ రెసిస్టర్ పెట్టమని గానీ చెప్పేవారు ఎందరు? మనం చెబితే కనీసం సరిగ్గా చేస్తారు.

ఇంకో మాట. 50 హెర్ట్జ్ దగ్గర 0.47 మైక్రోఫారడ్ అంటే దాదాపు 6,800 ఓమ్‌ల అడ్డు. 230 వోల్టులకు నేరుగా కలిపినా 34 మిల్లీ ఆంపియర్లు దాటవు. భయపెట్టినంత ప్రమాదం లేదు.

రాగితీగ:
ఓమ్‌కారం గారూ, లెక్కలో తప్పు లేదు, తీగ ఎటు ఉందో మరిచిపోయారు. ఈ సర్క్యూట్‌లో కెపాసిటర్ ఒక తీగలోనే ఉంటుంది. రెండో తీగ నేరుగా సర్క్యూట్ గ్రౌండుకు (ఎర్తు కాదు, సర్క్యూట్ మైనస్ తీగకు) వెళుతుంది. రెండు పిన్నుల ప్లగ్గును ఎటు తిప్పి పెట్టినా సాకెట్‌లోకి దిగుతుంది. తిరగేసి పెట్టిన రోజున ఫేజు నేరుగా గ్రౌండులోకి వస్తుంది, అక్కడి నుంచి ట్యాంకులోని తీగకు. మధ్యలో మీ కెపాసిటర్ ఎక్కడుంది? బ్రిడ్జి పెడితే ఇంకా ఘోరం. ప్లగ్గు ఎటు పెట్టినా గ్రౌండు వంతులవారీగా ఫేజుకు తగులుతూనే ఉంటుంది.

పోనీ 34 మిల్లీ ఆంపియర్లే అనుకుందాం. ఇళ్లలో మనుషుల రక్షణకు పెట్టే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోయేలా ఎందుకు చేశారంటారు? పాత ఇళ్లలో అదీ ఉండదు.

సీరీస్‌ల్యాంపు:
నాది రిపేరు దుకాణం. రోజూ బల్ల మీద ఇలాంటి బోర్డులు నాలుగైదు ఉంటాయి. వెలుగు తగ్గిపోయిన బల్బు, ఛార్జింగ్ ఎక్కని బ్యాటు వస్తే మొదట ఆ కెపాసిటర్‌నే చూస్తాను. ఏళ్ల తరబడి కరెంటు పోట్లు తిని దాని విలువ పడిపోతుంది. బయటికి చూస్తే మాత్రం పెళ్లికొడుకులా ఉంటుంది! ఇది చెప్పొద్దంటే నా వృత్తే చెప్పొద్దన్నట్టు.

అలాగని రాగితీగ గారి మాట తీసిపారేయను. ఒకసారి ప్లగ్గు తీసేసి బోర్డు పట్టుకున్నాను, చెయ్యి ఝల్లుమంది. కెపాసిటర్ మీద రెసిస్టర్ లేదు, ఛార్జి అలాగే నిలిచి ఉంది. బ్యాటుకు, బల్బుకు చుట్టూ ప్లాస్టిక్ డొప్ప ఉంటుంది, లోపలి తీగ మనిషికి తగలదు. ట్యాంకు సర్క్యూట్‌లో తీగను బయటపెట్టడమే పని. నా లెక్క ఇది: మూతపడి ఉండే వస్తువైతే మరమ్మతు చెప్పండి. బయటికి ఒక్క తీగ వస్తున్నా, స్విచ్చు తప్ప ఇంకేదైనా చేతికి తగులుతున్నా, చెప్పకండి.

పాతరేడియో:
కొత్తవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. మూతపెట్టిన బ్యాటైనా సరే, చెడిపోతే వాళ్లు మూత తీసే కదా కొలవాలి? అలాంటి బోర్డుకు ప్లగ్గులో నడిచే ఆసిల్లోస్కోపు (వోల్టేజిని తెర మీద గీతగా చూపే పరికరం) క్లిప్పు తగిలించారంటే ఠాప్‌మంటుంది, ఆ క్లిప్పు ఎర్తుకు కలిసి ఉంటుంది కాబట్టి. కొలతలు లేకుండా తప్పు దొరకదు. కొలవమని మనం ధైర్యంగా చెప్పలేని సర్క్యూట్‌కు సలహా ఎలా ఇస్తాం?

కొత్తబోర్డు:
ఆ టకటక రిలే నాదేనండీ. నన్ను గురించి ఇంత చర్చ జరుగుతోందని ఇప్పుడే చూశాను. డబ్బా చిన్నది, ట్రాన్స్‌ఫార్మర్ పట్టలేదు, అందుకే ఆ పటం ఎంచుకున్నాను. ప్రమాదమని అందులో ఎక్కడా లేదు. మా అమ్మ ఆ ట్యాంకు కుళాయి దగ్గరే గిన్నెలు తోముతుంది. ఇది ఇక్కడ చెప్పాలని నాకు తోచలేదు, నన్నెవరూ అడగనూ లేదు. సర్క్యూట్ విప్పేశాను. ఏం చేయాలో చెప్పండి.

సీరీస్‌ల్యాంపు:
మంచి పని చేశావు బాబూ. ముందు రిలే ఎందుకు కొట్టుకుందో తెలుసుకో. ఒక్క డయోడుతో 0.47 కెపాసిటర్ ఇచ్చేది దాదాపు 15 మిల్లీ ఆంపియర్లే. నీ రిలే చుట్ట 400 ఓమ్‌లైతే 12 వోల్టుల దగ్గర దానికే 30 కావాలి. 555 తినేది వేరే. రిలే పట్టుకోగానే వోల్టేజి కుంగిపోతుంది, 555 పనిచేయడానికి కావలసిన 4.5 వోల్టుల కిందికి జారుతుంది. రిలే వదిలేస్తుంది, వోల్టేజి లేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది.

ఇంట్లో పాత ఫోను ఛార్జర్ ఉంటుంది కదా? బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తున్నది తీసుకో, ఊరూ పేరూ లేనిది వద్దు. దాని 5 వోల్టులు చాలు. రిలే మాత్రం 5 వోల్టులది మార్చాలి. చుట్ట 70 ఓమ్‌లుంటే 70 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది, కాబట్టి 555తో నేరుగా నడపక బీసీ547 ట్రాన్సిస్టర్ పెట్టి, బేసుకు ఒక కిలో ఓమ్ ఇవ్వు. చుట్ట మీద 1ఎన్4007 డయోడు, గీత ఉన్న కొస ప్లస్ వైపు. బెల్లుకు వెళ్లే 230 వోల్టుల తీగలు, ట్యాంకు తీగలు ఒకదానికొకటి తగలకుండా డబ్బాలో ఎడం ఉంచు.

ఓమ్‌కారం:
ప్లగ్గు తిరగేయడం విషయంలో నేను పొరబడ్డాను, ఒప్పుకుంటున్నాను. ట్యాంకు సంగతి అడక్కపోవడమూ నా తప్పే. కానీ చెప్పకూడదన్న నిబంధనను ఇప్పటికీ ఒప్పుకోను. ఆ 15 మిల్లీ ఆంపియర్ల లెక్క సీరీస్‌ల్యాంపు గారు చెప్పారు కాబట్టే ఈయనకు తప్పు అర్థమైంది.

రాగితీగ:
విప్పేసిన తర్వాత చెప్పారు. నేనడిగింది ఆ వరసే.

కొత్తబోర్డు:
వారం రోజులుగా ఛార్జర్ మీద నడుస్తోంది, రిలే ఒక్కసారే టక్కుమని ఊరుకుంటోంది. కానీ ట్యాంకులోని రాగి తీగల్లో ఒకదానికి మాత్రమే పచ్చగా చిలుము పట్టింది. రెండోది శుభ్రంగా ఉంది. ఇదెందుకు?

పాతరేడియో:
చిలుము పట్టింది ప్లస్ తీగై ఉంటుంది. ఒకే దిశలో కరెంటు పోతుంటే ఆ రాగి నీళ్లలోకి కరుగుతుంది. ఆ నీళ్లతోనే గిన్నెలు తోముతున్నారు కాబట్టి రాగి తీసేసి స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వాడండి, తీగలో పోయే కరెంటు తగ్గేలా పెద్ద రెసిస్టర్ పెట్టండి. మిగతాది వేరే చర్చగా మొదలుపెట్టండి. ఈసారి పటంతో పాటు ట్యాంకు ఫొటో కూడా జతచేయండి.