ప్రయాణికులను ప్రశ్నించడం వల్ల విమానాశ్రయ భద్రత పెరుగుతుందా?

చర్చ ప్రారంభించిన సభ్యుడు:

ముఖకవళికలను, తడబాటును గమనించి ప్రమాదకారులను గుర్తించవచ్చనే నమ్మకంతో అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ 2007 నుంచి దాదాపు 90 కోట్ల డాలర్లు వెచ్చించింది. ఆ పద్ధతి ఫలిస్తుందనడానికి తగిన ఆధారాలు లేవని, నిధులను పరిమితం చేయాలని అక్కడి ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2013లో సూచించింది. ఎదుటివారు అబద్ధమాడుతున్నారో లేదో చెప్పడంలో మనుషులు సగటున 54 శాతం సార్లే సఫలమవుతున్నారని 2006 నాటి విస్తృత సమీక్ష తేల్చింది. కాబట్టి ఈ ప్రశ్నల తతంగాన్ని ఎత్తివేయడమే మేలని నా అభిప్రాయం.

రెండవ సభ్యురాలు:

మీరు చూపిన ఆధారాలను నేను కాదనను. అయితే అవి ముఖం చూసి మనసు చదవగలమనే భ్రమను ఖండిస్తున్నాయే తప్ప, ప్రశ్నించడాన్ని కాదు. 1986 ఏప్రిల్ 17న లండన్ హీత్రూ విమానాశ్రయంలో ఇజ్రాయెల్ విమానయాన సంస్థ ఎల్ అల్ విమానం ఎక్కబోయిన ఆన్ మేరీ మర్ఫీ అనే గర్భిణి సంచిలో, ఆమెను పెళ్లాడతానని నమ్మించిన నెజార్ హిందావీ ఆమెకు తెలియకుండా బాంబు అమర్చాడు. ఆమె అబద్ధమాడే ఉద్దేశంతో రాలేదు కనుక ముఖంలో వెతకడానికి ఏమీ లేదు. సంచి అప్పటికే ఎక్స్-రే తనిఖీని దాటింది. ఎల్ అల్ సిబ్బంది ప్రశ్నలకు ఆమె ఇచ్చిన జవాబులు సందేహం కలిగించడంతో సంచిని విప్పి చూడగా, అడుగున సెమ్‌టెక్స్ అనే పేలుడు పదార్థం బయటపడింది.

ఐరోపా విమానాశ్రయాల్లో ఆర్మరోడ్, డాండో అనే పరిశోధకులు జరిపిన పరీక్ష కూడా ఇదే చెబుతోంది. ఊహించని ప్రశ్నలు వేసి, సరిచూడదగిన వివరాలు రాబట్టే సంభాషణ పద్ధతిలో శిక్షణ పొందినవారు పరీక్ష కోసం ప్రయాణికులుగా నటిస్తూ అబద్ధాలు చెప్పినవారిలో సుమారు 66 శాతం మందిని పట్టుకున్నారు. అనుమానాస్పద లక్షణాల కోసం చూసినవారు 5 శాతం మందినైనా పట్టలేకపోయారు.

మొదటి సభ్యుడు:

ఈ తేడాను అంగీకరిస్తున్నాను. కానీ రిచర్డ్ రీడ్‌ను 2001 డిసెంబర్ 21న పారిస్‌లో అనుమానించి, ప్రశ్నించి, మరునాడు విమానం ఎక్కనిచ్చారు. అతని బూట్లలోని బాంబు అతనితోనే ప్రయాణించింది. సందేహం కలిగాక సోదా జరగకపోతే ఎంత మంచి ప్రశ్నైనా వృథాయే.

రెండవ సభ్యురాలు:

నిజమే, అందుకే రెండూ కలిసి ఉండాలంటాను. ఒక్క షరతు మాత్రం వదులుకోలేను: పేరునో, మతాన్నో, రంగునో చూసి కొందరినే నిలదీస్తే నిరపరాధులకు అవమానం, ఆ వర్గానికి చెందని మర్ఫీ లాంటివారికి దారి. ఎవరిని, ఏ కారణంతో ఆపారో నమోదు చేసి బయటివారి పరిశీలనకు ఉంచనంతకాలం ఏ విమానాశ్రయంలోనూ ఈ పద్ధతిని నేను సమర్థించను.