డిసెంబర్‌లో అమ్మానాన్నలతో మలేషియా, ఏ బీచ్‌కి వెళ్ళాలి?

అందరికీ నమస్తే. మాది వరంగల్, సింగపూర్ వచ్చి నాలుగు నెలలైంది. డిసెంబర్‌లో అమ్మానాన్న వస్తున్నారు, పాప స్కూల్ సెలవులు కూడా అప్పుడే, ఒక వారం మలేషియా తిప్పుదామని అనుకుంటున్నా. ఆఫీసులో ఒకాయన పెర్హెన్షియన్ దీవుల ఫొటోలు చూపించాడు, నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అమ్మ ఇప్పటిదాకా సముద్రమే చూడలేదు, అందుకని అక్కడ మూడు రోజులు, కౌలాలంపూర్‌లో మూడు రోజులు అనుకున్నాం. అమ్మ ప్యూర్ వెజ్, మోకాళ్ళ నొప్పులు కూడా ఉన్నాయి. బుక్ చేసేయొచ్చా?

*

తమ్ముడూ ఆగు, ఇంకా డబ్బులు కట్టలేదు కదా? డిసెంబర్‌లో పెర్హెన్షియన్ వద్దు. ఆ ఫొటోలు ఏ మే నెలలోనో జూన్‌లోనో తీసినవై ఉంటాయి.

మాది నెల్లూరు. మా ఊళ్ళో నవంబర్ వానలు తెచ్చే ఈశాన్య రుతుపవనాలే ఇక్కడ మలేషియా తూర్పు తీరాన్ని కూడా కొడతాయి. పెర్హెన్షియన్, రెడాంగ్, టియోమన్ అన్నీ ఆ వైపే. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ చాలా రిసార్టులు మూసేస్తారు, పడవలు కూడా సరిగా తిరగవు, కెలంతాన్, తెరెంగాను వైపు వరదలు వచ్చేది కూడా ఆ రోజుల్లోనే. పడమటి వైపు అలా కాదు, మధ్యలో తీతీవాంగ్సా కొండలు అడ్డం ఉన్నాయి కాబట్టి ఆ వైపున్న లంకావి దీవి డిసెంబర్ సగం దాటాక బాగా ఆరిపోతుంది, మార్చి దాకా ఎండలే. అందుకే మలేషియా అంటే ముందు నెల చూసి తర్వాత సముద్రం ఎంచుకో, డిసెంబర్‌కి లంకావి, జూన్ సెలవులకి పెర్హెన్షియన్.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మేము కొత్తల్లో నవంబర్ మధ్యలో టియోమన్ వెళ్దామని, పడవ ఎక్కే ఊరు మెర్సింగ్ దాకా బస్సులో పోయాం. మా చిన్నోడికి అప్పుడు మూడేళ్ళు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జెట్టీలో కూర్చున్నాం, గాలి ఎక్కువగా ఉందని పడవ కదల్లేదు, పిల్లోడికి జ్వరం, బయట కుండపోత వాన, దీవిలో రూముకి కట్టిన డబ్బు వెనక్కి రాలేదు. ఆ రోజు నేను ఏడ్చేశాను. మీ అమ్మగారు మొదటిసారి చూసే సముద్రం అలా ఉండకూడదు.

నేనైతే కౌలాలంపూర్ రెండు రాత్రులు, పెనాంగ్ రెండు, లంకావి మూడు అంటాను. కౌలాలంపూర్ నుంచి పెనాంగ్‌కి ఫ్లైట్ ఎక్కకండి, ఈటీఎస్ రైల్లో బటర్‌వర్త్ దాకా నాలుగు గంటలు కూర్చుంటే చాలు, దిగాక ఫెర్రీ ఎక్కితే కాసేపట్లో పెనాంగ్ దీవిలోని జార్జ్‌టౌన్ ఊరు. పెద్దవాళ్ళకి ఆ ఫెర్రీ చాలా నచ్చుతుంది. కానీ డిసెంబర్‌లో అక్కడ కూడా సెలవుల రద్దీ, రైలు టికెట్లు తొందరగా అయిపోతాయి, హోటల్ కంటే ముందు అవే కొను. పెనాంగ్ నుంచి లంకావికి చిన్న ఫ్లైట్ ఉంది, తిరుగు ప్రయాణానికి లంకావి నుంచి సింగపూర్‌కి నేరుగా ఫ్లైట్లు ఉన్నాయి, మళ్ళీ కౌలాలంపూర్ రానక్కర్లేదు.

కౌలాలంపూర్ దగ్గర బటు కేవ్స్ అని కొండ గుహల్లో మురుగన్ గుడి ఉంది, పొద్దున్నే ఎనిమిదిలోపు వెళ్ళండి. 272 మెట్లు, అమ్మగారు ఎక్కలేకపోయినా బాధపడొద్దు, 42.7 మీటర్ల మురుగన్ విగ్రహం కిందే ఉంది, వేంకటేశ్వరస్వామి గుడి కూడా కిందే. మీరు ఒకరి తర్వాత ఒకరు ఎక్కి రండి, అమ్మ దగ్గర ఎవరో ఒకరు ఉండండి, అక్కడ కోతులు చేతిలో కవరు కనిపిస్తే లాక్కుంటాయి. పెట్రోనాస్ టవర్స్ పైకి వెళ్ళాలనుకుంటే సోమవారం మూసేస్తారు, అది చూసుకో.

*

అక్క చెప్పింది కరెక్ట్, నేను కాగితాల సంగతి చెప్తా. ఇండియన్ పాస్‌పోర్ట్‌కి మలేషియా వీసా అక్కర్లేదు, 30 రోజులు ఉండొచ్చు, ఈ వెసులుబాటు 2026 డిసెంబర్ 31 దాకా ఇచ్చారు. కానీ బయలుదేరే ముందు మూడు రోజుల్లోపు ఎండీఏసీ అనే ఆన్‌లైన్ ఫారం ప్రతి మనిషికీ, పాపకి కూడా నింపాలి. అది ఫ్రీ, డబ్బులడిగే సైట్ కనిపిస్తే మూసేయండి బ్రదర్, అది గవర్నమెంటుది కాదు. రిటర్న్ టికెట్టు, హోటల్ బుకింగ్ ప్రింట్ తీసి పెద్దవాళ్ళ చేతిలో ఒక సెట్ పెట్టండి, కౌంటర్ దగ్గర విడిపోతే కంగారు పడతారు.

అసలు చిక్కు మలేషియాతో కాదు, తిరిగి సింగపూర్‌లోకి రావడంతో. అమ్మానాన్నల సింగపూర్ వీసా మల్టిపుల్ జర్నీనా కాదా అని టికెట్లు కొనక ముందే చూడండి, సింగిల్ అయితే ఒకసారి బయటికి వెళ్ళాక ఆ వీసా మీద మళ్ళీ రాలేరు. తిరిగొచ్చేటప్పుడు ఎస్‌జీ అరైవల్ కార్డ్, అంటే సింగపూర్‌లోకి వచ్చేముందు నింపే ఆన్‌లైన్ ఫారం, అందరికీ మళ్ళీ నింపాలి.

ఇంకోటి, లంకావి డ్యూటీ ఫ్రీ దీవి, అందరూ చాక్లెట్లు కొంటారు, పర్లేదు. మద్యం సీసాలు మాత్రం వద్దు, మలేషియా నుంచి సింగపూర్ వచ్చేవాళ్ళకి మందు మీద డ్యూటీ ఫ్రీ లేదు. హోటల్లో ఫారినర్స్‌కి రూముకి రాత్రికి 10 రింగిట్లు టూరిజం ట్యాక్స్ విడిగా అడుగుతారు, అది మోసం కాదు, రూలే.

*

అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. పెర్హెన్షియన్ జూన్‌కి పెట్టుకున్నాం. అమ్మ వీసా మల్టిపులే, ఇప్పుడే చూశా. తిండి సంగతి చెప్పరా? అమ్మకి గుడ్డు వాసన కూడా పడదు. లంకావిలో ఆమె నీళ్ళల్లో దిగొచ్చా?

*

తిండికి భయం లేదు తమ్ముడూ, కానీ పేరు చూసి మోసపోవద్దు. నాసి లెమాక్ చూస్తే కొబ్బరిపాల అన్నమే కదా అనిపిస్తుంది, దాంతో ఇచ్చే సంబల్ అనే కారం పచ్చడిలో ఎండు చేపలు, రొయ్యల ముద్ద ఉంటాయి. కూరగాయల వేపుళ్ళలో కూడా ఆ రొయ్యల ముద్ద వేస్తారు. కౌలాలంపూర్‌లో మన వాళ్ళ పేట బ్రిక్‌ఫీల్డ్స్‌లోనూ పెనాంగ్ లిటిల్ ఇండియాలోనూ శుద్ధ శాకాహార హోటళ్ళున్నాయి, అరిటాకు భోజనం, ఇడ్లీ, దోసె అన్నీ దొరుకుతాయి, అమ్మకి అవే. లంకావిలో అంత సులువు కాదు, చెనాంగ్ బీచ్ రోడ్డు మీద ఇండియన్ హోటళ్ళున్నాయి గానీ ఒకే వంటింట్లో అన్నీ వండుతారు. చిన్న వంటగది ఉన్న రూము తీసుకుని బియ్యం, పప్పు, కాస్త ఆవకాయ పట్టుకెళ్ళండి.

నాన్నగారికి ఒక మాట చెప్పు, ఆ దేశంలో మన వాళ్ళు ఎప్పట్నుంచో ఉన్నారు, తోటల్లో పనికి వచ్చి పెరాక్‌లో బాగన్ దాతుక్ వైపు స్థిరపడ్డవాళ్ళు. రెండో ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో కౌలాలంపూర్‌లోనే జరిగాయి. గుడి దగ్గర తెలుగులో మాట్లాడుకుంటుంటే ఎవరో ఒకరు తిరిగి చూస్తారు, మాకు అలాగే ఒక పెద్దావిడ పరిచయమైంది, ఆమె పుట్టింది అక్కడే, తెలుగు మాత్రం శుభ్రంగా మాట్లాడింది.

సముద్రానికి చెనాంగ్ మంచిది, ఇసుక మెల్లగా వాలుతుంది, మోకాలి లోతులో నిలబడొచ్చు. ఎర్రజెండా ఉంటే దిగొద్దు, జెల్లీచేపలున్నాయేమో లైఫ్‌గార్డుని అడుగు. మధ్యాహ్నం ఎండలో వద్దు. సాయంత్రం ఆరింటికి తీసుకెళ్ళు, అక్కడ పొద్దు గుంకేసరికి ఏడు దాటుతుంది, ఒక ప్లాస్టిక్ కుర్చీ అడిగి నీళ్ళ అంచున వేస్తే అమ్మగారు కాళ్ళు తడుపుకుంటూ కూర్చుంటారు.