పాత మెటల్ డిటెక్టర్ సరిపోతుందా, కొత్తదే కావాలా? కొత్తవాటిలో నిజంగా మెరుగుపడింది ఏమిటి?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. మా పెదనాన్నగారు వాడిన మెటల్ డిటెక్టర్ ఒకటి నా దగ్గర ఉన్నది. అది 1980ల మొదట్లో తయారైనదని పెట్టెలోని కాగితాలను బట్టి తెలుస్తున్నది. దానికి తెర లేదు. ముల్లు ఊగే మీటరు, మూడు తిప్పుడు బటన్లు, రెండు వైపులకు వేసుకునే ఒక స్విచ్చి మాత్రమే ఉన్నాయి. స్విచ్చిని ఒక వైపు వేస్తే నేలకు తగ్గట్టు సరిచేసుకోవచ్చు గానీ ప్రతి ఇనుప ముక్కకూ మోగుతుంది. రెండో వైపు వేస్తే మేకులను వదిలేస్తుంది గానీ, కాయిల్‌ను (కర్ర చివర నేల మీద ఊపే తీగచుట్టను) నేలకు కాస్త దగ్గరగా తెచ్చినా, కాస్త పైకి లేపినా కారణం లేకుండానే శబ్దం మారిపోతుంది.

పాత ఇల్లు పడగొట్టిన ఖాళీ స్థలంలో గత నెల మా ఇంట్లోవారి బంగారు ఉంగరం జారి పడింది. ఆ నేల నిండా తుప్పు పట్టిన మేకులే ఉన్నాయి. ఈ యంత్రంతో రెండు రోజులు వెతికాను, ఫలితం లేదు. కొత్త యంత్రాలు ఇంతకంటే లోతుకు చూస్తాయా? మేకుల మధ్య ఉన్న బంగారాన్ని అవి వేరుచేసి చెప్పగలవా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

సమాధానం

లోతు సంగతి ముందుగా చెబుతాను, ఎందుకంటే కొనేవారు ఎక్కువగా ఆశపడేదీ, తరువాత ఎక్కువగా నిరాశపడేదీ దాని విషయంలోనే. కాయిల్ నుంచి బయలుదేరిన అయస్కాంత క్షేత్రం దూరం పెరిగేకొద్దీ దాదాపు దూరపు ఘనానికి విలోమంగా తగ్గిపోతుంది. ఆ క్షేత్రం వల్ల లోహంలో ఎడ్డీ కరెంట్లు (సుడులుగా తిరిగే విద్యుత్ ప్రవాహాలు) పుట్టి, వాటి నుంచి తిరిగి వచ్చే క్షేత్రం కూడా అదే లెక్కన మళ్లీ తగ్గుతుంది. రెండూ కలిస్తే సిగ్నల్ దూరపు ఆరవ ఘాతానికి విలోమంగా ఉంటుంది. అంటే ఒక చిన్న వస్తువు జానెడు లోతులో ఉండి ఇచ్చే సిగ్నల్, రెండు జానల లోతుకు పోతే సుమారు 64వ వంతు మాత్రమే మిగులుతుంది. ఈ లెక్కను ఏ కంపెనీ కూడా మార్చలేదు. శక్తిని పెంచితే నేల నుంచి వచ్చే సిగ్నల్ కూడా అంతే పెరుగుతుంది. కాబట్టి చెత్త లేని మెత్తని నేలలో ఒక నాణెం విషయంలో మీ పాత యంత్రానికీ నేటి యంత్రానికీ లోతులో తేడా కొన్ని వేళ్ల మందానికి మించదు.

అయితే నలభై ఏళ్ల కృషి వృథా పోలేదు. అది మీరు చెప్పిన ఆ స్విచ్చి దగ్గర ఫలించింది. 1970ల చివర, 1980ల మొదట్లో వచ్చిన చాలా యంత్రాలలో అలాంటి స్విచ్చి ఉండేది. లోహం ఇచ్చే జవాబు కాయిల్ పంపిన సిగ్నల్ కంటే కొంత ఆలస్యంగా వస్తుంది, ఆ ఆలస్యాన్నే ఫేజ్ అంటారు. నేలలోని మాగ్నెటైట్ వంటి ఖనిజాలది ఒక ఫేజ్, తుప్పు మేకుది మరొకటి, వెండి నాణేనిది ఇంకొకటి. ఆనాటి సర్క్యూట్ ఒకసారికి ఒక ఫేజ్‌ను మాత్రమే అణచగలిగేది. నేలను అణిస్తే మేకు మోగుతుంది, మేకును అణిస్తే నేల మోగుతుంది. మీ స్విచ్చిలోని రెండు వైపులూ ఆ రెండు అవస్థలే.

ఆ తరువాత కదలికను ఆధారం చేసుకొనే పద్ధతి వచ్చింది. కాయిల్‌ను ఊపుతున్నప్పుడు నేల సిగ్నల్ నెమ్మదిగా మారుతుంది, నాణెం సిగ్నల్ చటుక్కున వచ్చి పోతుంది. ఫిల్టర్లతో ఈ రెండింటినీ విడదీసి, నేలనూ ఇనుమునూ ఒకేసారి అణచగలిగారు. అది పెద్ద ముందడుగే గానీ, తొలినాటి ఆ ఫిల్టర్లు మేకు మీదుగా వెళ్లిన తరువాత తిరిగి కుదురుకోవడానికి కొంత సమయం తీసుకొనేవి. ఆ లోగా కాయిల్ ఉంగరాన్ని దాటిపోయేది. అంటే యంత్రానికి ఉంగరం అందనంత దూరంలో లేదు, కానీ మేకు నీడలో పడి వినిపించలేదు. మీ యంత్రంలో ఆ ఫిల్టర్లు లేకపోయినా, మీ రెండు రోజుల వెతుకులాటలో కూడా ఉంగరం బహుశా ఇలాగే మేకు నీడలో పడి ఉంటుంది.

ఈ చిక్కు మనకు కొత్తగా వచ్చింది కాదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ మీద కాల్పులు జరిగినప్పుడు, ఒంట్లో తూటా ఎక్కడున్నదో కనిపెట్టడానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇలాంటి యంత్రాన్నే పట్టుకెళ్లి విఫలుడయ్యాడు. వైద్యుడు శరీరంలో ఒక పక్కనే వెతకనిచ్చాడనీ, పడకలోని ఉక్కు స్ప్రింగులు యంత్రాన్ని తికమకపెట్టాయనీ చెబుతారు. మీ స్థలంలో స్ప్రింగుల బదులు మేకులు ఉన్నాయి.

నేటి యంత్రాలు కాయిల్ నుంచి వచ్చే సిగ్నల్‌ను దాదాపు వెంటనే అంకెలుగా మార్చి, మిగతా పనిని ప్రాసెసర్ చేత చేయిస్తాయి. ఒక లక్ష్యం మీది నుంచి తేరుకొని తరువాతి దానికి సిద్ధపడే వేగాన్ని రికవరీ స్పీడ్ అంటారు, దానిని మీరే పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఇందులో తేడా చెవితో వినవలసిందే. ఒక చెక్క పలక తీసుకొని, నాలుగు వేళ్ల ఎడంలో రెండు మేకులు పడుకోబెట్టి, వాటి మధ్య ఒక నాణెం పెట్టి, కాయిల్‌ను జానెడు ఎత్తున ఊపి చూడండి. మీ పాత యంత్రం ఇనుమును వదిలేసే వైపు ఉన్నప్పుడు మౌనంగా ఉండవచ్చు, లేదా ఒక్కసారి తెగినట్లు చిటుక్కుమని ఊరుకోవచ్చు. మంచి కొత్త యంత్రం "గుర్, టింగ్, గుర్" అని మూడు ముక్కలుగా పలుకుతుంది. ఆ నడిమి టింగ్ కోసమే కొత్త యంత్రానికి డబ్బు పెట్టవచ్చునని నా అభిప్రాయం. తెర, రంగులు, చేతిపిడి సోకులు నా లెక్కలో దాని తరువాతే.

ప్రశ్న అడిగినవారు

చాలా స్పష్టంగా వివరించారు, ధన్యవాదాలు. మరి కొత్త యంత్రాల తెర మీద ఒక అంకె వస్తుంది కదా, దానిని చూసి బంగారమా కాదా అన్నది తేల్చుకోవచ్చా? అలాగే "మల్టీ ఫ్రీక్వెన్సీ" అని ప్రతి ప్రకటనలోనూ కనిపిస్తున్నది, అందులో విషయం ఉన్నదా?

సమాధానం

అంకె లోహం పేరు చెప్పదండీ. వస్తువు ఎంత బాగా విద్యుత్తును ప్రవహింపజేస్తుందో, ఎంత పెద్దదో, ఎంత మందమో, ఏ ఆకారంలో ఉన్నదో, ఇవన్నీ కలిసిన ఫలితాన్ని మాత్రమే అది చెబుతుంది. సన్నని బంగారు ఉంగరం, పానీయాల డబ్బా తెరిచేటప్పుడు చేతికి వచ్చే అల్యూమినియం చెవి, ఈ రెండూ ఒకే అంకె చూపడం మామూలే. ఎంత ఖరీదైన యంత్రమైనా ఈ రెండింటినీ నమ్మకంగా విడదీయలేదు. పైగా వెడల్పుగా ఉన్న తుప్పు రేకులు మంచి లోహంలా ఎక్కువ అంకె చూపి మోసం చేస్తాయి. లోతు పెరిగేకొద్దీ అంకె నిలకడ తప్పి, తరచుగా ఇనుము వైపు జారుతుంది.

అయితే మీ విషయంలో ఒక వెసులుబాటు ఉన్నది. మీరు వెతుకుతున్నది ఏమిటో మీకు తెలుసు. ఆ ఉంగరానికి జత ఉంగరం గానీ, అదే బరువు, అదే వెడల్పు గల మరొకటి గానీ ఇంట్లో ఉంటే, దానిని నేల మీద పెట్టి యంత్రం చూపే అంకెను పది సార్లు రాసుకోండి. ఆ అంకెకు అటూ ఇటూ నాలుగైదు అంకెల మేరకు వచ్చిన ప్రతి చోటా తవ్వండి, మిగిలినవి తరువాత చూసుకోవచ్చు. ఉంగరం ఎక్కడైనా తెగి ఉంటే మాత్రం ఈ లెక్క పనికిరాదు. చుట్టు పూర్తిగా కలిసి లేకపోతే అందులో కరెంటు సరిగా తిరగదు, అంకె చాలా కిందికి పడిపోతుంది.

ఇక మల్టీ ఫ్రీక్వెన్సీ. కాయిల్ పంపే సిగ్నల్ సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో అది ఫ్రీక్వెన్సీ, అలాంటివి ఒకటి కాక అనేకం వాడితే మల్టీ ఫ్రీక్వెన్సీ. ఇందులో విషయం ఉన్నది, ప్రకటనలలో కొంత ఊదర కూడా ఉన్నది. తక్కువ ఫ్రీక్వెన్సీకి వెండి, రాగి వంటివాటి పెద్ద వస్తువులు బాగా పలుకుతాయి. సన్నని బంగారానికి ఎక్కువ ఫ్రీక్వెన్సీ అనుకూలం. ఒకే ఫ్రీక్వెన్సీతో పని చేసే యంత్రం ఏదో ఒక పక్షం వహించక తప్పదు. మైన్‌ల్యాబ్ కంపెనీ 1991లో సావరిన్ అనే నమూనాలో 1.5 నుంచి 25.5 కిలోహెర్ట్జ్ వరకు 17 ఫ్రీక్వెన్సీలను ప్రకటించింది. ఫిషర్ సీజెడ్ వరుస 5, 15 కిలోహెర్ట్జ్ రెండింటితోనే చక్కగా పని నడిపింది. అదే మైన్‌ల్యాబ్ 2018లో ఈక్వినాక్స్‌ను తెచ్చాక మధ్యతరగతి ధరల్లో కూడా ఈ పద్ధతి పాకిపోయింది. ఫ్రీక్వెన్సీలు ఎన్ని అన్న లెక్క కంటే, వచ్చిన సిగ్నళ్లను లోపలి ప్రోగ్రాము ఒకదానితో ఒకటి ఎలా పోల్చుతుందన్నదే ముఖ్యం. ఆ పోలికకు అసలైన పరీక్ష సముద్రపు ఒడ్డున తడి ఇసుక. ఉప్పునీరు తానే విద్యుత్తును ప్రవహింపజేస్తుంది కాబట్టి ఒకే ఫ్రీక్వెన్సీ గల యంత్రం మాగ్నెటైట్ ఉన్న నల్ల ఇసుకకు సరిచేస్తే ఉప్పుకు అరుస్తుంది, ఉప్పుకు సరిచేస్తే ఇసుకకు అరుస్తుంది. రెండు మూడు ఫ్రీక్వెన్సీల జవాబులను పోల్చినప్పుడు ఈ రెండింటినీ ఒకేసారి తీసివేయవచ్చు. కానీ ఉప్పు ఇచ్చే జవాబూ, సన్నని బంగారు గొలుసు ఇచ్చే జవాబూ దగ్గరగా ఉంటాయి కనుక ఉప్పుతో పాటు గొలుసు కూడా కొంత కొట్టుకుపోతుంది.

మీ స్థలం పొడి నేల అయితే ఇందులో చాలా భాగం మీకు అవసరం లేదు. 15 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో పని చేస్తూ, రికవరీ స్పీడ్ బాగున్న ఒకే ఫ్రీక్వెన్సీ యంత్రమైనా చాలు.

మరో సభ్యులు

పల్స్ ఇండక్షన్ యంత్రం తీసుకోవచ్చు కదా? అది ఖనిజాలున్న నేలలోనూ, ఉప్పునీటిలోనూ లోతుగా చూస్తుందని విన్నాను.

సమాధానం

నిజమే, పల్స్ పంపి ఆపేసి, ఆ తరువాత కొన్ని మైక్రోసెకన్లు ఆగి, లోహంలో ఇంకా మిగిలిన కరెంటు ఎలా సన్నగిల్లుతుందో చూసే పద్ధతి అది. ఖనిజాల గోల చాలావరకు ఆ కొద్ది వ్యవధిలోనే చల్లారిపోతుంది కాబట్టి బంగారు గనుల నేలల్లో దానికి పేరు వచ్చింది. కానీ అది మేకునూ ఉంగరాన్నీ విడదీయడంలో బలహీనం. పడగొట్టిన ఇంటి స్థలంలో దానిని పట్టుకొని దిగితే సాయంత్రానికి బుట్టెడు మేకులు దొరుకుతాయి.

ప్రశ్న అడిగినవారు

ఒక మిత్రుని దగ్గర కొత్త యంత్రం అడిగి తెచ్చుకున్నాను. ముందుగా బరువు గురించి చెప్పాలి, అది కిలోన్నర కూడా లేదు. గంటసేపు ఊపినా చెయ్యి నొప్పి పుట్టలేదు. మీరు చెప్పిన పలక పరీక్ష చేశాను. పాత యంత్రం నాణెం మీద ఒక్కసారి మాత్రమే, అదీ తెగి తెగి పలికింది. కొత్తది నడుమ స్పష్టంగా టింగ్ అన్నది, కాయిల్‌ను నెమ్మదిగా ఊపినప్పుడు మరింత స్పష్టంగా వినిపించింది. ఎంతో ఉత్సాహంగా స్థలానికి వెళ్తే మాత్రం మొదటి అడుగు నుంచీ ఆగకుండా కూస్తూనే ఉన్నది. సెన్సిటివిటీని (ఎంత చిన్న సిగ్నల్‌నైనా పట్టే స్థాయిని) పూర్తిగా పెంచి ఉంచాను. ఏమి పొరపాటు జరిగింది?

సమాధానం

పొరపాటు మీ చివరి వాక్యంలోనే ఉన్నది. సెన్సిటివిటీని పూర్తిగా పెంచితే యంత్రం పక్కనున్న కరెంటు తీగలను, సెల్‌ఫోన్‌ను, అడుగున ఉన్న ప్రతి తుప్పు పొడినీ కూడా వింటుంది. నెల క్రితం పడిన ఉంగరం చాలా లోతుకు దిగి ఉండదు, ఎవరైనా మట్టి తిరగదోడితే తప్ప పై మూడు నాలుగు వేళ్ల మందంలోనే ఉంటుంది. కాబట్టి సగానికి తగ్గించండి, మీ పనికి ఆ లోతు చాలు. ఫోన్‌ను స్థలం బయట పెట్టి, కాయిల్‌ను గాలిలో నిలిపి నాయిస్ క్యాన్సిల్ బటన్ నొక్కండి. యంత్రం తనకు తానుగా నిశ్శబ్దంగా ఉన్న ఛానల్‌ను ఎంచుకుంటుంది, ఈ సదుపాయం మీ పాత యంత్రంలో ఉండదు. తరువాత ఇనుము లేని కాస్త చోటు చూసుకొని గ్రౌండ్ బ్యాలెన్స్ (యంత్రాన్ని నేలకు తగ్గట్టు సరిచేయడం) చేయండి. మేకు మీద చేస్తే మిగతా నేలంతా తప్పుగా వినిపిస్తుంది.

ఆ మిత్రుని దగ్గర చిన్న కాయిల్ ఉంటే అదీ అడిగి తెచ్చుకోండి. 15 సెంటీమీటర్ల కాయిల్ కింద ఒకసారికి పడే మేకుల సంఖ్య, 28 సెంటీమీటర్ల కాయిల్ కింద పడేవాటితో పోలిస్తే చాలా తక్కువ. లోతు కొంత తగ్గుతుంది గానీ మీకు దానితో పని లేదు. డబుల్ డీ అని రాసి ఉన్న కాయిల్ అయితే ముందు నుంచి వెనుకకు ఒక సన్నని చారలా చూస్తుంది, పక్క పక్కన ఉన్నవాటిని విడదీయడానికి అదే మేలు.

ఇక నడిచే పద్ధతి. స్థలాన్ని తాళ్లతో మీటరు వెడల్పు పట్టీలుగా విభజించుకొని, ముందుగా ఒక బలమైన అయస్కాంతాన్ని కర్రకు కట్టి పైపైన ఈడ్చి, వచ్చిన మేకులను బకెట్‌లో వేయండి. పాత పద్ధతే అయినా ఏ సాఫ్ట్‌వేరూ చేయలేని మేలు చేస్తుంది, నీడ వేసే మేకే లేకపోతే విడదీయవలసిన అవసరమే రాదు. తరువాత ప్రతి పట్టీని ఒకసారి పొడవుగా, మరొకసారి అడ్డంగా వెతకండి. ఒక వైపు నుంచి మేకు చాటున పడిన ఉంగరం, తొంభై డిగ్రీలు తిరిగి ఊపినప్పుడు బయటపడటం నేను చాలాసార్లు చూశాను. రెండు వైపుల నుంచీ ఒకే అంకె నిలకడగా వస్తే తవ్వండి. ఒక వైపు నుంచి మాత్రమే టింగ్ అని, రెండో వైపు నుంచి గుర్రుమంటే చాలావరకు వంగిన మేకే అయి ఉంటుంది, అయినా మీరు రాసుకున్న అంకెకు దగ్గరగా ఉంటే దానిని కూడా వదలకండి.

ప్రశ్న అడిగినవారు

ఉదయం సెన్సిటివిటీ సగానికి తగ్గించి, ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్లాను, కూతలు ఆగిపోయాయి. అయస్కాంతానికి మొదటి రెండు పట్టీలలోనే సగం బకెట్ మేకులు వచ్చాయి. జత ఉంగరం అంకె రాసుకున్నాను, ఇరవై మూడు, ఇరవై నాలుగు మధ్య ఆడుతున్నది. ఇంకా తొమ్మిది పట్టీలు మిగిలి ఉన్నాయి. చిన్న కాయిల్ రేపు వస్తుంది.