మిర్చి యార్డు హమాలీకి సూపర్‌హీరో సూట్: కారణం చూపించాలా, అక్కర్లేదా?

బ్రాడీపేట 4వ లైను:
అరగంట షార్ట్ ఫిల్మ్. హీరో గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. ఒక రాత్రి ఉన్నట్టుండి చేతికి రెండేసి టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తి లారీలోకి విసిరేంత బలం వస్తుంది. మొదటి పావుగంట లుంగీ, బనియను, మెడలో తువ్వాలు. ఆ తర్వాత నేరుగా నీలం రంగు టైట్ సూట్, ఛాతీ మీద ఫోమ్ కండలు, ఎర్ర కేప్. ఆ సూట్ ఎవరు కుట్టారు, డబ్బులెక్కడివి అన్నది స్క్రిప్టులో ఎక్కడా లేదు. టీంలో సగం మంది "అంత బలాన్ని నమ్మినోళ్లు బట్టల్ని నమ్మరా" అంటున్నారు. మిగతా సగం "మనోళ్లు మొదటి షాట్‌కే నవ్వుతారు" అంటున్నారు. షూటింగ్ ఏప్రిల్ ఆఖర్లో. పగలు షెడ్డులో, క్లైమాక్స్ ప్రకాశం బ్యారేజీ మీద. కాస్ట్యూమ్‌కి పదిహేను వేలు మించి లేవు. తెలిసినవాళ్లు చెప్పండి.

తెనాలి తెర:
బలానికి కారణం అక్కర్లేదండీ. బట్టలకి కావాలి, అదీ మీ కథ మొదలైన తీరు వల్ల. పద్యనాటకంలో అర్జునుడు కిరీటం, భుజకీర్తులు పెట్టుకుని యుద్ధం ఎలా చేస్తాడని ఎవరూ అడగరు. తెర లేచిన దగ్గర్నుంచి అందరూ అలాగే ఉంటారు కాబట్టి. మీరేమో పావుగంటపాటు చెమట, దుమ్ము, ఘాటు అన్నీ ఉన్నదున్నట్టు చూపిస్తున్నారు. ఆ లోకంలో బనియను కూడా ఎవరో డబ్బులిచ్చి కొన్నదే. అందులోకి ఫ్యాక్టరీ నుంచి దిగినట్టున్న సూట్ వస్తే కథ అక్కడే తెగిపోద్ది.

అలాగని ఎవరి చేతా లెక్చర్ ఇప్పించకండి. 2021 నాటి మలయాళం 'మిన్నల్ మురళి'లో హీరో దర్జీ. అంతే, సూట్ ఎక్కడిదన్న అనుమానమే రాదు. 2006లో 'క్రిష్' ముసుగు మంటలంటుకున్న సర్కస్‌లో మొహం దాచుకోవడానికి చేతికందింది.

ఒకసారి కారణం చెప్పాక మాత్రం దానికి కట్టుబడాలి. 2008 బ్యాట్‌మ్యాన్ సినిమాలో హీరో తల తిప్పగలిగే సూట్ కావాలంటాడు. తయారుచేసినాయన ఇస్తూనే, పలకలు విడివిడిగా ఉన్నాయి కాబట్టి కత్తికీ తూటాకీ ఇదివరకటికన్నా సులువుగా దొరుకుతావని హెచ్చరిస్తాడు. సౌకర్యానికి ధర ఉందని చెప్పడంతో అది నిజం బట్టలా అనిపిస్తుంది. మీ హమాలీ యార్డులో దొరికే గోనెతోనే సూట్ కుట్టుకున్నాడంటే, అది కత్తికి చిరగాలి, వానకి నాని బరువెక్కాలి, నిప్పు తగిలితే అంటుకోవాలి.

మాస్క్ కోసం మీరు ఎక్కడికీ పోనక్కర్లేదు. యార్డులో ఘాటుకి ముక్కూ నోరూ మూసి తువ్వాలు కట్టుకోవడం మామూలే. అందరూ మొహాలు కప్పుకున్న చోట హీరో ఎవరో ఎవరికీ తెలియదు. కథకి ఇంతకన్నా మంచి ముసుగు దొరకదు, దాన్ని వదులుకోకండి.

వస్త్రలత దారం:
గోనె దగ్గరికి వస్తే కుట్టే పద్ధతి చెబుతాను. ఒంటికి గోనె నేరుగా తగలకూడదు, నార గుచ్చుకుని రాసుకుపోద్ది. లోపల నూలు బనియను, దానిమీద నాలుగు వైపులా సాగే లైక్రా, పైన గోనె జాకెట్. లైక్రా కొలత చుట్టుకొలతలో పదో వంతు తగ్గించి కత్తిరించాలి. మామూలు నిలువు కుట్టు వేస్తే చెయ్యి ఎత్తగానే దారం పట్‌మని తెగుద్ది. ఓవర్‌లాక్ గానీ సన్న జిగ్‌జాగ్ గానీ వేయించండి, సూది మొన గుండ్రంగా ఉండే రకం పెట్టించండి. చంకలో, తొడల మధ్య డైమండ్ ఆకారంలో అదనపు గుడ్డ ముక్క తప్పనిసరి. అది లేకపోతే చెయ్యి పైకెత్తినప్పుడల్లా జాకెట్ మొత్తం మెడ దగ్గరికి లేచిపోద్ది. ప్రేక్షకుడికి "ఇది వేషం" అని పట్టిచ్చేది ఆ చంకలో ముడతే.

గోనె సాగదు, కత్తిరిస్తే అంచు పోగులు పోగులుగా ఊడుద్ది. గీత గీసుకుని, ఆ గీత మీద నీళ్లు కలిపిన తెల్ల ఫెవికాల్ పూసి, ఆరాక కత్తిరించండి. భుజం, వీపు ముక్కలు క్రాస్ కటింగ్ (నేతకి ఏటవాలుగా) చేస్తే కాస్త వంగుతాయి. కొనేముందు ఒక మూర గోనెని కెమెరా ముందు పెట్టి చూడండి. పెద్ద నేత కాబట్టి కొన్ని దూరాల్లో తెరమీద అలలు అలలుగా కదులుద్ది.

ఫోమ్ కండలు తీసేయండి. హమాలీ పాత్రకి నిజంగా మూటలు మోసే ఒళ్లున్న మనిషిని తీసుకుంటే ఆ ఖర్చే లేదు. భుజాల మీద దిండ్లలాంటి పలకలు మాత్రం పెట్టొచ్చు, మూట మోసేవాడికి అవి సహజం. ఫోమ్ 5 మి.మీ. చాలు. నమూనా తీయడానికి పాత టీషర్టు మీద ప్లాస్టిక్ కాగితం చుట్టి, పైన టేపు చుట్టి, గీతలు గీసి కోసి విప్పుతారు. ఆ నమూనా ఒంటి కొలత. ఫోమ్ మందం వల్ల చుట్టూ తిరిగే పలకకి బయటి చుట్టుకొలత 3 సెం.మీ. పైనే పెరుగుద్ది, 10 మి.మీ. అయితే 6 దాటుద్ది. ఇది కలపకపోతే అంచులు కలవవు.

అతికించడానికి ఎస్ఆర్ 998 రకం రబ్బరు గమ్. రెండు అంచులకీ పూసి, వేలికి అంటనంత వరకు పది పదిహేను నిమిషాలు ఆగి, ఒక్కసారే నొక్కాలి. తడిగా ఉండగా అతికిస్తే మర్నాటికి విడిపోద్ది. కిటికీలు తీసి చేయండి, ఆ ఆవిరి మంచిది కాదు. రంగుకి ముందు హీట్ గన్‌తో పైపొర కాస్త నిగనిగలాడేదాకా వేడి చేసి, సాగే ప్రైమర్ పూయాలి. నేరుగా యాక్రిలిక్ వేస్తే మొదటి వంపుకే పెచ్చులు.

బ్రాడీపేట 4వ లైను:
చాలా థాంక్స్ అండీ. పాత టిక్కీల గోతాలు ఊరికే దొరుకుతాయి. రెండుమూడు సార్లు ఉతికి వాడొచ్చా? చూడ్డానికి కూడా నిజంగా ఉంటుంది కదా.

వస్త్రలత దారం:
వద్దు, వద్దంటే వద్దు. మిరపలో మంట పుట్టించే పదార్థం నీళ్లలో కరగదు, నూనెలోనో స్పిరిట్‌లోనో కరుగుద్ది. ఎన్నిసార్లు ఉతికినా నారలో మిగిలే ఉంటది. ఆర్టిస్టుకి చెమట పట్టి, ఆ చెమట మెడమీదకీ కళ్లలోకీ జారితే షూటింగ్ ఆగిపోద్ది. కొత్త గోనె కొని, టీ డికాషన్‌లో నానబెట్టి, ఎండలో ఆరేసి, మోచేతులూ భుజాలూ ఇసుక కాగితంతో రుద్దండి. బరువు ఆనే చోట్లే అరగాలి. అన్నిచోట్లా ఒకేలా రుద్దితే పాతది అనిపించదు, మురికిది అనిపిస్తుంది.

అరండల్‌పేట కామిక్స్:
నేను కొంచెం అడ్డం పడతాను. ఇలా ప్రతిదానికీ కారణం వెతికితే చివరికి అందరు హీరోలూ మట్టిరంగులోనే మిగులుతారు. సూపర్‌మ్యాన్ బయటి నిక్కరునే చూడండి. 1938 నాటి పాఠకులకి అది సర్కస్ వస్తాదుల వేషం, చూడగానే "బలవంతుడు" అని అర్థమయ్యేది. 2013 సినిమాలో తీసేశారు, 2025 సినిమాలో మళ్లీ తెచ్చారు. పిల్లలు దూరం నుంచే హీరోని గుర్తుపట్టేది రంగుతోనే. గోనె వేస్తే వేయండి గానీ ఎరుపు పోనివ్వకండి.

తెనాలి తెర:
ఎరుపు పోదండీ, దానికి మిర్చి యార్డుకన్నా మంచి చోటేముంది? తువ్వాలు ఎర్రది పెట్టండి. మొదటి సీను నుంచీ అదే అతని మెడలో ఉండాలి, అప్పుడు రంగూ మిగులుద్ది, కారణమూ అడగరు. మీ వస్తాదు ఉదాహరణ కూడా నా మాటనే బలపరుస్తోంది. అప్పటి జనం సర్కస్‌లో రోజూ చూసిన బట్ట అది.

బ్యారేజీ గాలి:
కేప్ గురించి ఎవరూ చెప్పలేదు. మెడకి కట్టకండి, వెనక్కి లాగితే గొంతు పట్టేస్తుంది. జాకెట్ లోపల రెండంగుళాల పట్టీలు భుజాల మీదుగా వీపు మీద క్రాస్‌గా వేసి, కేప్‌ని వాటికి వెల్క్రోతో తగిలించాలి. ఏదైనా బండికి చిక్కుకుంటే మనిషిని లాగకుండా ఊడి రావాలి. కాయలు కప్పే టార్పాలిన్ పట్టాతో చేద్దామనిపిస్తుంది, కథకి బాగుంటుంది కూడా. కానీ అది నడిచినప్పుడల్లా గరగరలాడి లైవ్ సౌండ్ మొత్తం పాడు చేస్తుంది. అదే రంగు వేసిన మందపాటి నూలు గుడ్డ వాడండి. కింది మడతలో కర్టెన్లకి వేసే బరువులు కుట్టండి. అవి లేకపోతే నది గాలికి ఎగిరి మొహానికి చుట్టుకుంటుంది.

ఏప్రిల్ ఆఖరంటే మధ్యాహ్నం నలభై దాటుద్ది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుద్ది, ఫోమ్ కింద, లైక్రా కింద అది ఆరదు. షాట్లు తెల్లవారి అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర లోపు పెట్టుకోండి. పదిహేను, ఇరవై నిమిషాలకోసారి జాకెట్ విప్పించాలి. అందుకే జిప్పు వీపు మీద వద్దు, పక్కన పెట్టండి. హమాలీ ఒక్కడే గదిలో వేసుకునే సూట్‌కి వీపు మీద జిప్పు ఎవరు లాగారన్న ప్రశ్న కూడా రాదు. ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి దగ్గర ఉంచండి. ఆర్టిస్టు మాట తడబడినా, ఉన్నట్టుండి చెమట ఆగిపోయినా షాట్ సంగతి వదిలేసి సూట్ విప్పి, ఒళ్లు తడిపి, ఆస్పత్రికి తీసుకెళ్లండి. భుజం పలకల్ని మూసిన కారులో ఎండకి వదలొద్దు, గమ్ మెత్తబడి అతుకులు తెరుచుకుంటాయి.

హమాలీలు మూటలు లాగే కొక్కెం చూపిస్తారు కదా, దగ్గరి షాట్‌కి ఒక్కదానికే ఇనుపది. ఫైట్‌లో రబ్బరుదే వాడాలి.

బ్రాడీపేట 4వ లైను:
నీలం సూట్ తీసేశాం. ఒక్క అనుమానం: ఎర్ర తువ్వాలు ఫైట్‌లో జారిపోతోంది, ముడి బిగిస్తే ఆర్టిస్టుకి ఊపిరాడట్లేదు.

వస్త్రలత దారం:
రెండు తువ్వాళ్లు చేయించండి. మామూలు సీన్లకి నిజంగా కట్టేది ఒకటి. ఫైట్‌కి కుట్టింది ఇంకొకటి: లోపల అరంగుళం ఎలాస్టిక్ చెవుల వెనక నుంచి, ముక్కు మీద వంగే సన్న తీగ, నోటి దగ్గర తువ్వాలు ఒక్క పొరే ఉండేలా మిగతా మడత తీసేయండి. ముడి విడిగా కట్టి వెనక కుట్టేయొచ్చు, ఏ షాట్‌లో చూసినా ఒకే చోట ఉంటుంది.